ఐఎస్‌ఆర్ దండగ మెషీనేనా? కొలైడర్ల చరిత్ర మీద ఒక సందేహం

తీగ_వంతెన | శనివారం, రాత్రి 8:52

అందరికీ నమస్కారం. కొలైడర్ల, అంటే కణాల బీమ్‌లని ఎదురెదురుగా ఢీకొట్టే యంత్రాల, చరిత్ర చదువుతూ ఒక చోట ఆగిపోయాను. జెనీవా దగ్గరున్న యూరప్ కణభౌతిక ల్యాబ్ సెర్న్‌లో 1971లో మొదలైన ఇంటర్‌సెక్టింగ్ స్టోరేజ్ రింగ్స్, అదే ఐఎస్‌ఆర్, ప్రపంచంలో మొట్టమొదటి ప్రోటాన్-ప్రోటాన్ కొలైడర్. పదేళ్ల పాటు అంత శక్తి ఉన్న యంత్రం ఇంకెక్కడా లేదు. అయినా 1974లో జె/సై కణం అమెరికాలోనే దొరికింది, 1977లో అప్సిలాన్ కూడా అమెరికాలోనే. ఒకటి 3.1 జీఈవీ, ఇంకోటి 9.5 జీఈవీ చుట్టుపక్కల (కణాల ద్రవ్యరాశినీ శక్తినీ ఇదే కొలతలో చెబుతారు). ఐఎస్‌ఆర్‌లో ఢీకొనే శక్తి 62 జీఈవీ దాకా ఉండేది. అంటే రెండూ దాని చేతికి అందే దూరంలోనే ఉన్నాయి.

1984లో దాన్ని మూసేశారు. దాని పేరు మీద ఒక్క కొత్త కణం లేదు. అందరూ "గొప్ప మెషీన్" అంటారు, ఏం కనిపెట్టిందని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. ఇందులో యంత్రం తప్పా, మనుషుల తప్పా, లేక అదృష్టమా? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లేరు | శనివారం, రాత్రి 9:10

ఇందులో తెలియడానికేముంది? అట్టర్ ఫ్లాప్. డబ్బు పెట్టింది యూరప్, పేరు కొట్టింది అమెరికా. డిజైన్ శక్తి అందుకున్నామని ఇంజనీర్లు పండగ చేసుకుంటే ఫిజిక్స్ అయిపోదు కదా.

రిటైర్డ్_లెక్చరర్ | శనివారం, రాత్రి 9:47

నల్లేరు గారూ, తీర్పు కాస్త ఆగి ఇద్దాం. ముందు ఐఎస్‌ఆర్ ఎందుకు కట్టారో చూడాలి.

కదలని లక్ష్యాన్ని ప్రోటాన్‌తో కొడితే శక్తిలో చాలా భాగం ముక్కల్ని ముందుకు తోయడానికే పోతుంది. కొత్త కణాల్ని పుట్టించడానికి మిగిలేది ఎంతో తెలియాలంటే, బీమ్ శక్తిని ప్రోటాన్ ద్రవ్యరాశితో గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీయాలి. ఆ వర్గమూలమే ప్రాణం తీసేది. బీమ్ శక్తి నాలుగు రెట్లు పెంచితే పనికొచ్చే శక్తి రెండు రెట్లే పెరుగుతుంది. అదే రెండు బీమ్‌లు ఎదురెదురుగా ఢీకొంటే శక్తి అంతా పనికొస్తుంది. ఐఎస్‌ఆర్‌లో ఒక్కో బీమ్ 31 జీఈవీ, కలిపి 62. ఆ 62ని కదలని లక్ష్యంతో సాధించాలంటే దాదాపు 2,000 జీఈవీ బీమ్ కావాలి. అప్పట్లో అంత బీమ్ ఎవరి దగ్గరా లేదు.

ఇవాళ్టి లెక్క కూడా చెబుతాను. సెర్న్‌లోని ఇప్పటి పెద్ద కొలైడర్ ఎల్‌హెచ్‌సీలో 6,800 జీఈవీ బీమ్‌ని కదలని ప్రోటాన్ మీదికి వదిలితే పనికొచ్చేది సుమారు 113 జీఈవీ. ఎదురెదురుగా పంపితే 13,600.

ఎంపీసీ_కుర్రాడు | శనివారం, రాత్రి 10:05

సార్, లెక్క ఇంత సింపుల్‌గా ఉంటే మొదటి నుంచే కొలైడర్లు కట్టొచ్చుగా? 1971 దాకా ఎందుకు ఆగారు?

రిటైర్డ్_లెక్చరర్ | శనివారం, రాత్రి 10:31

మంచి ప్రశ్న బాబూ. ఆలోచన పాతదే. నార్వే ఇంజనీరు రోల్ఫ్ విడరో 1943లోనే దీనికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. సమస్య ఎక్కడంటే బీమ్ చాలా పల్చన. ఒక లోహపు దిమ్మలో ఉన్న ప్రోటాన్ల సంఖ్యతో పోలిస్తే బీమ్‌లో ఉన్నవి లెక్కలోకే రావు. రెండు బీమ్‌లు ఒకదానిలోంచి ఒకటి ఏమీ తగలకుండా దూసుకుపోతాయి. అందుకే వాటిని రింగులో గంటల తరబడి తిప్పుతూ, లక్షల సార్లు ఎదురుపడేలా చేయాలి. అన్ని గంటలు బీమ్ చెదరకుండా ఉంటుందా అన్నదే అందరి భయం.

1956లో ప్రిన్స్‌టన్‌కి చెందిన జెరార్డ్ ఓనీల్ స్టోరేజ్ రింగుల ప్రతిపాదన చేశాక విషయం ఊపందుకుంది. స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రాన్-ఎలక్ట్రాన్ రింగులు, నోవోసిబిర్స్క్‌లో బుడ్కర్ బృందం కట్టిన వీఈపీ-1 ఆ దారిలో వచ్చినవే. కానీ అసలు మలుపు ఇటలీలో తిరిగింది. దాని గురించి కాంతి గారు నాకంటే బాగా రాస్తారు. ఎక్కడున్నారు అమ్మా?

కాంతి_కోణం | ఆదివారం, ఉదయం 6:40

ఇక్కడే ఉన్నాను మాస్టారూ, రాత్రి షిఫ్ట్. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఏమీ అనుకోవద్దు. నాకు ఇష్టమైన కథ ఇది.

బ్రూనో టూషెక్ వియన్నా మనిషి, 1921లో పుట్టాడు. తల్లి యూదురాలు కావడంతో వియన్నాలో చదువు సాగనివ్వలేదు. యుద్ధకాలంలో జర్మనీలో తలదాచుకుంటూ, పైన మాస్టారు చెప్పిన విడరో కడుతున్న బీటాట్రాన్ అనే ఎలక్ట్రాన్ యంత్రం మీద పని చేశాడు. 1945లో నాజీల రహస్య పోలీసు గెస్టపో అరెస్ట్ చేసింది. హాంబర్గ్ జైలు నుంచి ఖైదీల్ని కాలినడకన కీల్ వైపు తోలుకెళ్తుంటే జ్వరంతో దారిలో కూలిపోయాడు. కాపలావాడు కాల్చాడు. చచ్చిపోయాడనుకుని అక్కడే వదిలేసి వెళ్లారు. బతికాడు. గోటింగెన్, గ్లాస్గో తిరిగి 1952లో రోమ్ చేరాడు.

1960 మార్చి 7న రోమ్ దగ్గరి ఫ్రస్కాటి ల్యాబ్‌లో ఒక సెమినార్ ఇచ్చాడు. ఎలక్ట్రాన్‌ని ఎలక్ట్రాన్‌తో ఢీకొట్టడం దేనికి, ఎలక్ట్రాన్‌ని పాజిట్రాన్‌తో ఢీకొట్టండి అన్నాడు. రెండూ కలిసి పూర్తిగా నశిస్తాయి, శక్తి అంతా కొత్త కణాలకు చేరుతుంది. ఇంకో లాభం: ద్రవ్యరాశి ఒకటే, ఆవేశం మాత్రం వ్యతిరేకం కాబట్టి ఒకే మాగ్నెట్ రింగులో ఒకటి అటు, ఒకటి ఇటు అదే దారిలో తిరుగుతాయి. రెండు రింగులు అక్కర్లేదు. ఏడాది తిరక్కుండానే ఆడా అనే చిన్న మెషీన్ తయారైంది. రింగు వ్యాసం 1.3 మీటర్లు. ఇంట్లో భోజనాల బల్ల ఉండే గదిలో పట్టేస్తుంది, కాకపోతే మాగ్నెట్ బరువు ఎనిమిది టన్నులు. ఒక్కో బీమ్ 250 ఎంఈవీ, అంటే పావు జీఈవీ. 1961 ఫిబ్రవరిలో మొదటి ఎలక్ట్రాన్లు అందులో నిలిచాయి.

ఎన్ని నిలిచాయో ఎలా తెలిసిందంటే, తిరిగే ఎలక్ట్రాన్ వెలుగు వెదజల్లుతుంది కదా, ఆ వెలుగుని ఫోటోట్యూబ్‌తో కొలిచారు. రికార్డర్ కాగితం మీద గీత మెట్లు మెట్లుగా దిగుతుంది. ఒక్కో మెట్టు దిగిందంటే ఒక్క ఎలక్ట్రాన్ పోయిందన్నమాట. ఆఖరి మెట్టు దిగాక సున్నా. ఆ గ్రాఫ్ నేను ఇప్పటికీ కొత్తగా చేరిన పిల్లలకు చూపిస్తుంటాను.

ఫ్రస్కాటిలో ఎలక్ట్రాన్లు ఎక్కించే యంత్రం బలం చాల్లేదు. అందుకని 1962 వేసవిలో రింగుని లారీ ఎక్కించి ఆల్ప్స్ మీదుగా ప్యారిస్ దగ్గరున్న ఓర్సేకి తీసుకెళ్లారు. లోపలి వాక్యూమ్ పోకుండా దారి పొడుగునా పంపుల్ని బ్యాటరీల మీద నడుపుతూ వెళ్లారు. అక్కడ ఒక ఇబ్బంది బయటపడింది. రింగులో ఎలక్ట్రాన్లు ఎక్కువ నింపేకొద్దీ బీమ్ ఆయుష్షు తగ్గిపోతోంది. కారణం టూషెక్కే పట్టుకున్నాడు. ఒకే గుంపులో పోతున్న ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. పక్కకు ఉన్న కాస్త వేగం ముందు-వెనక దిశకు మారుతోంది. బీమ్ కాంతి వేగానికి దగ్గరగా పోతోంది కాబట్టి ఆ చిన్న మార్పే పెద్దదై, ఆ రెండు కణాలూ రింగు పట్టు తప్పిపోతున్నాయి. దీన్నే టూషెక్ ఎఫెక్ట్ అంటారు. గుంపు ఎంత ఇరుకైతే అంత నష్టం.

ఆడా ఒక్క కొత్త కణాన్నీ కనిపెట్టలేదు. ఢీకొన్నాయని రుజువు చేసింది, అంతే. నల్లేరు గారి లెక్కలో అది కూడా ఫ్లాపే మరి.

నల్లేరు | ఆదివారం, ఉదయం 9:15

కాంతి గారూ, ఆడా సంగతి వేరు. అది ప్రయోగం కోసం కట్టిన బుల్లి మెషీన్. ఐఎస్‌ఆర్ దాదాపు కిలోమీటరు చుట్టుకొలత ఉన్న పెద్ద మెషీన్. దాని మీద ఆశలు వేరే. పోలిక కుదరదు. టూషెక్ కథ మాత్రం బాగుంది, థ్యాంక్స్.

తీగ_వంతెన | ఆదివారం, ఉదయం 9:38

నల్లేరు గారి మాటలో కొంత న్యాయం ఉంది. ఇంతకీ జె/సై ఐఎస్‌ఆర్‌లో ఎందుకు తప్పిపోయింది? అది పుట్టనే లేదా, పుట్టినా చూడలేదా?

రిటైర్డ్_లెక్చరర్ | ఆదివారం, ఉదయం 11:20

పుట్టింది. చూడలేదు.

రెండు కారణాలు. మొదటిది, ఎటు చూడాలన్న అంచనా. 1960ల్లో ప్రోటాన్లు ఢీకొంటే ముక్కలన్నీ బీమ్ దారిలోనే ముందుకు పోతాయని, పక్కకు వచ్చేవి బహు స్వల్పమని అనుకునేవాళ్లు. ఐఎస్‌ఆర్‌లో కట్టిన పెద్ద మాగ్నెట్, స్ప్లిట్ ఫీల్డ్ మాగ్నెట్ అనేవాళ్లు, ముందుకు పోయే కణాల్ని కొలవడానికే తయారైంది. తక్కిన ప్రయోగాల్లో చాలా వాటికి ఒక్కోదానికి ఒక్కో కోణంలో చిన్న కిటికీ ఉన్నట్టే. ఢీకొన్న చోటు చుట్టూ అన్ని దిక్కులా చూసే డిటెక్టర్ మొదట్లో లేదు.

రెండోది ఇంకా విచిత్రం. సెర్న్-కొలంబియా-రాక్‌ఫెల్లర్ బృందం, అమెరికన్ భౌతికశాస్త్రవేత్త లియోన్ లెడర్‌మన్ అందులో ఉన్నాడు, 90 డిగ్రీల పక్కకి చూస్తూ ఎలక్ట్రాన్ జంటల కోసం వెతికింది. అంటే సరైన చోటే చూసింది! కానీ అక్కడ ఎవరూ ఊహించనన్ని అధిక శక్తి పయాన్లు (తేలికపాటి కణాలు) వచ్చి పడ్డాయి. పాత అంచనాల కంటే ఎన్నో రెట్లు. ఆ వరదకి డిటెక్టర్ ఊపిరాడక ట్రిగ్గర్ హద్దు, అంటే ఇంత శక్తి ఉంటేనే రాసుకోమనే గీత, పెంచాల్సి వచ్చింది. జె/సై నుంచి వచ్చే ఎలక్ట్రాన్ ఒక్కోటి సుమారు ఒకటిన్నర జీఈవీ. హద్దు పెంచేసరికి అవి కింద ఉండిపోయాయి.

అయితే ఆ పయాన్ల వరద ఎందుకొచ్చిందంటే, ప్రోటాన్ లోపల గట్టి గింజలు, అంటే క్వార్కులు, గ్లూవాన్లు, ఒకదాన్నొకటి నేరుగా గుద్దుకుంటున్నాయి కాబట్టి. ప్రోటాన్లను ప్రోటాన్లతో ఢీకొట్టి ఆ సంగతి మొదట చూసింది ఐఎస్‌ఆరే, 1972-73లో. దాన్ని కణం అనరు కాబట్టి ఎవరి జాబితాలోనూ ఉండదు. నా దృష్టిలో అది జె/సైకి తీసిపోయే విషయం కాదు.

ఎంపీసీ_కుర్రాడు | ఆదివారం, మధ్యాహ్నం 12:02

అంటే లెడర్‌మన్‌కి చేతిలోకొచ్చి జారిపోయిందా సార్? అయ్యో.

రిటైర్డ్_లెక్చరర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:15

ఆయనకి అది రెండోసారి. 1968లో అమెరికాలోని బ్రూక్‌హేవన్ ల్యాబ్‌లో మ్యూవాన్ జంటలు కొలిచినప్పుడు 3 జీఈవీ దగ్గర గ్రాఫ్‌లో ఒక భుజంలాంటి ఉబ్బు కనిపించింది. డిటెక్టర్ అంత సునిశితంగా లేక శిఖరం పరుచుకుపోయి ఉబ్బులా మిగిలింది. అయినా ఊరుకోలేదు, 1977లో ఫెర్మీల్యాబ్‌లో అప్సిలాన్ పట్టుకున్నాడు. 1988లో నోబెల్ వచ్చింది, అది మాత్రం వేరే పనికి, మ్యూవాన్ న్యూట్రినోకి.

కాంతి_కోణం | ఆదివారం, సాయంత్రం 5:30

జె/సై దొరికిన చోట్లలో ఒకటైన స్పియర్ వైపు నుంచి కూడా చూడాలి. అమెరికాలోని స్లాక్ ల్యాబ్‌లో స్పియర్ అనే ఎలక్ట్రాన్-పాజిట్రాన్ రింగు కోసం బర్టన్ రిక్టర్ ఏళ్ల తరబడి నిధులు అడిగాడు, విడిగా మంజూరు కాలేదు. చివరికి ల్యాబ్ తన మామూలు బడ్జెట్‌లోంచే ఓ 50 లక్షల డాలర్లతో కార్లు నిలిపే జాగాలో రెండేళ్ల లోపే కట్టేసింది. 1972లో మొదలైంది. చవక మెషీనే గానీ దాని చుట్టూ పెట్టిన మార్క్-1 డిటెక్టర్ స్తూపాకారంలో దాదాపు అన్ని దిక్కులా చూసేది. తేడా అంతా అక్కడే ఉంది.

అక్కడ కూడా మొదట తప్పిపోయింది తెలుసా? జె/సై శిఖరం ఎంత సన్నదంటే, శక్తిని పెద్ద పెద్ద అంగల్లో మార్చుకుంటూ పోతే మధ్యలో దాటేసి వెళ్లిపోతాం. 1974లో అలాగే దాటేశారు. అక్టోబరులో ఆ బృందంలోని రాయ్ ష్విటర్స్ పేపర్ కోసం పాత డేటా మళ్లీ చూస్తుంటే, 3.1 జీఈవీ దగ్గర తీసిన రన్‌లు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఒకే శక్తి అనుకున్నవాటిలో రెండిట్లో మాత్రం సంఖ్యలు ఎక్కువ. మెషీన్ శక్తి ఇసుమంత అటూ ఇటూ అయినప్పుడు శిఖరం అంచు తగిలిందన్నమాట. నవంబరు 9, 10 వారాంతంలో సన్న అంగల్లో మళ్లీ వెతికారు. సంఖ్య దాదాపు నూరు రెట్లు ఎగిరింది. అప్పటికే బ్రూక్‌హేవన్‌లో శామ్యూల్ టింగ్ బృందం అదే కణాన్ని పట్టుకుని సరిచూసుకుంటోంది. 11న ఇద్దరూ ప్రకటించారు. 1976లో రిక్టర్, టింగ్‌లకు నోబెల్.

అసలు దురదృష్టం ఫ్రస్కాటివాళ్లది. ఆడా తర్వాత వాళ్లు కట్టిన అడోనె రింగు డిజైన్ హద్దు మొత్తం 3.0 జీఈవీ. కణం ఉన్నది 3.1 దగ్గర. కబురు అందగానే మాగ్నెట్లలో కరెంటు హద్దు దాటించి పెంచి, రెండు మూడు రోజుల్లోనే వాళ్లూ చూశారు. పేపర్‌ని ఫోన్‌లో చదివి వినిపించి అమెరికన్లతో పాటు అదే సంచికలో వేయించుకున్నారు. ఫోన్‌లో చెప్పడం వల్ల రచయితల పేర్లు కొన్ని తప్పుగా అచ్చయ్యాయి. డిజైన్ రోజున ఇంకో 4 శాతం పెట్టుకుని ఉంటే చరిత్ర వేరేలా ఉండేది.

నల్లేరు | ఆదివారం, సాయంత్రం 6:04

సరే, అంటే నేను చెప్పిందే కదా! 50 లక్షల మెషీన్ గెలిచింది, పెద్ద మెషీన్ ఓడింది. బీమ్ ఒక్కటే ఉంటే చాలదు.

రిటైర్డ్_లెక్చరర్ | ఆదివారం, రాత్రి 8:11

బీమ్ ఒక్కటే చాలదు, ఒప్పుకుంటాను. కానీ ఆ బీమ్ నిలబెట్టడం ఏమంత తేలికో కూడా చూడండి. ఎలక్ట్రాన్ రింగుల్లో ఒక సుఖం ఉంది. ఎలక్ట్రాన్ వెలుగు రూపంలో శక్తి పోగొట్టుకుంటూ తనంతట తనే సర్దుకుంటుంది. ఆ శక్తుల దగ్గర ప్రోటాన్‌కి ఆ సర్దుబాటు లేదు. చిన్న కుదుపు తగిలినా అది పోదు, పేరుకుంటూనే ఉంటుంది. అందుకే ప్రోటాన్ కొలైడర్ అసలు నడవదన్నవాళ్లు పెద్దపెద్దవాళ్లే.

1971 జనవరి 27న మొదటి తాకిడి. తర్వాత కరెంటు పెంచుతుంటే వాక్యూమ్ ఎదురు తిరిగింది. బీమ్ దారిలో మిగిలిన కాస్త గాలి అణువుల్ని అయాన్లుగా మారుస్తుంది. అవి గొట్టం గోడను కొట్టి అక్కడ అంటుకున్న వాయువుని ఊడగొడతాయి. దాంతో గాలి పెరిగి, అయాన్లు ఇంకా పెరుగుతాయి. నిమిషాల్లో బీమ్ గల్లంతు. విరుగుడుగా గొట్టాల్ని 300 డిగ్రీల వేడిలో కాల్చారు, ఆర్గాన్ ప్లాస్మాతో లోపలి గోడలు తోమారు, అదనంగా పంపులు బిగించారు. 20 ఆంపియర్లకు డిజైన్ చేసిన రింగులో ప్రయోగాలకి 30, 40 ఆంపియర్లు తిప్పారు. ఎల్‌హెచ్‌సీ గొట్టాల శుభ్రత పాఠాలు అక్కడ నేర్చుకున్నవే.

ఇక వాన్ డెర్ మీర్ గురించి. సిమోన్ వాన్ డెర్ మీర్ డెల్ఫ్ట్‌లో చదివిన ఇంజనీరు, పీహెచ్‌డీ లేదు. ఐఎస్‌ఆర్ మాగ్నెట్ల విద్యుత్ సరఫరా చూసేవాడు. చెదిరిన బీమ్‌ని తిరిగి దగ్గరకు తేవడానికి ఆయనకి 1968లో ఒక ఉపాయం తట్టింది, దాన్నే స్టోకాస్టిక్ కూలింగ్ అంటారు. మందలో చెదిరిన గొర్రెల్ని ఒక్కొక్కదాన్నే కాకుండా, కంటి ముందు నుంచి పోతున్న ఏ పాతికనో చూసి "వీటి సగటు కాస్త ఎడమకుంది" అని ఓ అదిలింపు అదిలించడం, మళ్లీ చుట్టు తిరిగొచ్చాక ఇంకోసారి, అలా లక్షల సార్లు. రింగులో ఒక చోట సెన్సర్ కొలుస్తుంది. సంకేతం రింగు చుట్టూ తిరక్కుండా అడ్డదారిలో ఎదురువైపుకి వెళ్లి, కణాలు వచ్చేలోపే కణాల్ని కాస్త తోసే అక్కడి కిక్కర్‌ని సిద్ధం చేస్తుంది. మరీ ఊహాగానంగా ఉందని ఆయనే నాలుగేళ్లు బయట పెట్టలేదు. 1972లో రిపోర్టు రాశాడు. 1974-75లో ఐఎస్‌ఆర్ బీమ్ మీదే అది పని చేస్తుందని తేలింది.

తర్వాతి కథ మీకు తెలుసు. ఒక యాంటీప్రోటాన్ (ప్రోటాన్‌కి వ్యతిరేక ఆవేశం ఉన్న జంట కణం) రావాలంటే సుమారు పది లక్షల ప్రోటాన్లు లక్ష్యాన్ని కొట్టాలి. వచ్చేవి కూడా చిందరవందరగా వస్తాయి. వాటిని ఇలా చల్లార్చి, పోగేసి, సెర్న్‌లో అప్పటికే ఉన్న ఎస్‌పీఎస్ రింగులోనే ప్రోటాన్లకు ఎదురుగా తిప్పుదామన్నాడు కార్లో రుబ్బియా అనే భౌతికశాస్త్రవేత్త. టూషెక్ చెప్పిన ఒకే రింగు కిటుకే మళ్లీ. 1981లో తాకిడులు, 1983 జనవరిలో డబ్ల్యూ కణం, కొన్ని నెలలకి జడ్ కణం. 1984లో రుబ్బియాకీ వాన్ డెర్ మీర్‌కీ కలిపి నోబెల్. అదే ఏడాది ఐఎస్‌ఆర్‌ని ఆపేశారు, ఎల్‌ఈపీ అనే తర్వాతి కొలైడర్‌కి డబ్బు మిగలాలి కాబట్టి.

డాలస్_బాబాయ్ | సోమవారం, ఉదయం 7:25

మాస్టారూ, నమస్కారం. ఆపేయడం అన్నారు కాబట్టి మా ఊరి సంగతి చెప్తాను. డాలస్‌కి దక్షిణంగా ఓ గంట లోపు ప్రయాణంలో వాక్సహాచీ ఉంది. ఇక్కడి మన తెలుగువాళ్లలో చాలామంది ఆ దారిన ఆస్టిన్ వైపు పోతూ ఉంటారు, కింద ఏముందో తెలియదు. అక్కడ సూపర్‌కండక్టింగ్ సూపర్ కొలైడర్ కట్టాలనుకున్నారు: 87 కిలోమీటర్ల రింగు, ఒక్కో బీమ్ 20 టీఈవీ, అంటే 20,000 జీఈవీ. ఎల్‌హెచ్‌సీకి మూడింతలు. 23 కిలోమీటర్ల దాకా సొరంగం తవ్వాక 1993 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ రద్దు చేసింది. అప్పటికి ఖర్చు 200 కోట్ల డాలర్లు. బావులు పూడ్చేశారు. పైనున్న భవనాలు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండి, తర్వాత ఒక రసాయనాల కంపెనీ చేతికి వెళ్లాయి.

నేను ఇక్కడికొచ్చిన కొత్తలో ఆ ప్రాజెక్టులో పని చేసిన ఒక పెద్దాయన మా ఆఫీసులో ఉండేవాడు. అన్నీ వదిలి కుటుంబాలతో టెక్సాస్ వచ్చి ఇళ్లు కొనుక్కున్నవాళ్లు ఒక్క ఓటుతో రోడ్డున పడ్డారని చెప్పేవాడు. ఆయన కోపం కాంగ్రెస్ మీద కన్నా తోటి భౌతికశాస్త్రవేత్తల మీద. వేరే శాఖలవాళ్లు బహిరంగంగానే వ్యతిరేకించారు కదా.

కాంతి_కోణం | సోమవారం, ఉదయం 8:50

బాబాయ్ గారూ, దాని డైరెక్టర్ ఎవరో తెలుసుగా? నిన్న నేను రాసిన రాయ్ ష్విటర్సే.

ఖర్చు ఎందుకు పెరిగిందన్నది కూడా ఈ చర్చకి సంబంధించిందే. 1987లో 440 కోట్ల డాలర్లన్నారు. తర్వాత బీమ్ సిమ్యులేషన్లు చేసి చూస్తే 4 సెంటీమీటర్ల మాగ్నెట్ రంధ్రంలో బీమ్ నిలవదేమోనని అనుమానం వచ్చింది. 5 సెంటీమీటర్లకి మార్చారు. ఆ ఒక్క సెంటీమీటరుకి మాగ్నెట్లన్నీ మళ్లీ డిజైన్ చేయాలి. ఇంజెక్షన్ శక్తి కూడా రెట్టింపు చేశారు. ఇలాంటివి కలిసి, ఆలస్యాలు తోడై 1,100 కోట్లు దాటింది. భౌతికంగా సరైన నిర్ణయమే, రాజకీయంగా ఉరితాడు. సెర్న్‌కి ఉన్న సుఖం ఏమిటంటే 27 కిలోమీటర్ల సొరంగం ఎల్‌ఈపీ కోసం ముందే తవ్వి ఉంది.

సరదా_సత్తి | సోమవారం, ఉదయం 9:05

ఎల్‌ఈపీ అంటే బీరు సీసాలు దొరికిన మెషీనేనా? 1996లో బీమ్ చుట్టు తిరగనంటే గొట్టం విప్పి చూశారట, లోపల రెండు బీరు సీసాలు! ప్యారిస్ వెళ్లే టీజీవీ రైలు పోయినప్పుడల్లా బీమ్ శక్తి మారేదని కూడా విన్నాను. ఇది పుకారా?

కాంతి_కోణం | సోమవారం, ఉదయం 9:21

రెండూ నిజమే సత్తి గారూ. రైలు పట్టాల నుంచి భూమిలోకి జారే కరెంటు రింగు గొట్టం వెంబడి పారి మాగ్నెట్లను కదిపేది. రాత్రి రైళ్లు ఆగే వేళ గ్రాఫ్ చదునుగా ఉండేది. చంద్రుడి ఆకర్షణకి రింగు చుట్టుకొలత ఓ మిల్లీమీటరు మారేది, దాన్ని కూడా లెక్కల్లో సరిచేసేవాళ్లు. జడ్ ద్రవ్యరాశి అంత కచ్చితంగా వచ్చిందంటే ఇవన్నీ పట్టించుకున్నారు కాబట్టే. సీసాల సంగతికి నిందితుడు దొరకలేదు.

నిర్వాహకులు | సోమవారం, ఉదయం 9:40

చర్చ బాగుంది. బీరు దగ్గర ఆపి మళ్లీ ఐఎస్‌ఆర్ వైపు రండి.

ఇండోర్_రైలు | సోమవారం, మధ్యాహ్నం 1:15

కాస్త పక్కదారే గానీ, యంత్రాలు కట్టడం గురించి మాట వచ్చింది కాబట్టి మన వాటా కూడా రాయాలి. ఎల్‌హెచ్‌సీలో బీమ్‌ని వంచే డైపోల్ మాగ్నెట్లు 1,232. ఒక్కోటి 15 మీటర్ల పొడవు, సుమారు 35 టన్నులు. ఇవి నేల మీద పడి ఉండవు, ఒక్కోటి మూడు జాక్‌ల మీద కూర్చుంటుంది. బీమ్‌ని దగ్గరకు చేర్చే క్వాడ్రుపోల్ మాగ్నెట్లవి కూడా కలిపి ఆ జాక్‌లు 7,080. అన్నీ ఇండియా నుంచి వెళ్లినవే. ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్, అప్పట్లో క్యాట్ అనేవాళ్లం, డిజైన్ చేసి ఇక్కడి ఫ్యాక్టరీల్లో చేయించింది. అన్ని టన్నులు నెత్తిన పెట్టుకుని, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కచ్చితత్వంతో మాగ్నెట్‌ని అటూ ఇటూ సర్దాలి. బీమ్‌ని సరిదిద్దే కరెక్టర్ మాగ్నెట్లలో మన సూపర్‌కండక్టింగ్ కరెక్టర్లు కూడా ఉన్నాయి. మాగ్నెట్ల పరీక్షలకి మనవాళ్లు వంద మందికి పైగా బ్యాచుల వారీగా ఏడాదేసి జెనీవాలో ఉండి వచ్చారు.

సెర్న్ అంటే మన పత్రికల్లో 2004లో పెట్టిన నటరాజ విగ్రహం ఫొటోనే వేస్తారు. జాక్ ఫొటో ఒక్కరూ వేయరు. చూడ్డానికి ఇనప దిమ్మే కదా!

ఎంపీసీ_కుర్రాడు | సోమవారం, సాయంత్రం 4:48

కాంతి మేడమ్, టూషెక్ ఎఫెక్ట్ ఇప్పటికీ ఉంటుందా? లేక పాత మెషీన్ల సమస్యా?

కాంతి_కోణం | సోమవారం, రాత్రి 9:30

ఉంటుందా అంటావేంటి తమ్ముడూ, మా ప్రాణం తీస్తోంది. నేను బెల్లె-2 అనే డిటెక్టర్ వైపు పని చేస్తాను, జపాన్‌లో త్సుకుబాలో ఉంది. మన హైదరాబాద్ ఐఐటీ వాళ్లు కూడా అందులో ఉన్నారు. అక్కడి సూపర్‌కెక్‌బీ రింగులో 7 జీఈవీ ఎలక్ట్రాన్లు, 4 జీఈవీ పాజిట్రాన్లు ఎదురుపడతాయి. తాకిడులు పెరగాలని ఢీకొనే చోట బీమ్ ఎత్తుని నానోమీటర్లలోకి కుదించాలి. ఇరుకు చేసేకొద్దీ టూషెక్ నష్టం పెరుగుతుందని పైన రాశాను కదా. బీమ్ నిమిషాల్లో కరిగిపోతుంది కాబట్టి ఆపకుండా కొత్త కణాలు ఎక్కిస్తూనే ఉండాలి. దారి తప్పిన కణాలు గొట్టాన్ని గుద్ది మా డిటెక్టర్‌లో చెత్త నింపుతాయి. పాత కెక్‌బీలో పాజిట్రాన్లు 3.5 జీఈవీతో తిరిగేవి. ఇప్పుడు 4 చేయడానికి ఒక ముఖ్య కారణం టూషెక్ ఎఫెక్టే, శక్తి పెరిగితే ఆ నష్టం తగ్గుతుంది.

ఇంకో విశేషం, ఈ నానో బీమ్ పద్ధతి కూడా ఫ్రస్కాటి నుంచే వచ్చింది. ఇటలీవాళ్లు తమ సూపర్‌బీ అనే మెషీన్ కోసం ఆలోచించారు, 2012లో దాన్ని రద్దు చేసుకున్నారు. జపాన్‌వాళ్లు వాడుకున్నారు.

నల్లేరు | సోమవారం, రాత్రి 10:02

బాగుంది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఐఎస్‌ఆర్ పాఠాలు పనికొచ్చాయి, ఒప్పుకుంటాను. పాఠాల కోసం కిలోమీటరు రింగు కట్టాలా? జె/సై వదిలేశారు, అప్సిలాన్ వదిలేశారు. 1970లోనే అన్ని దిక్కులా చూసే ఒక్క డిటెక్టర్ పెట్టి ఉంటే ఆ రెండూ సెర్న్‌వే. డిటెక్టర్లకి డబ్బు ఇవ్వని మేనేజ్‌మెంట్‌ని ఎవరూ ఏమీ అనరే!

రిటైర్డ్_లెక్చరర్ | సోమవారం, రాత్రి 10:40

డిటెక్టర్ల విషయంలో మీరన్నది నిజం, సెర్న్‌వాళ్లే తర్వాత ఒప్పుకున్నారు. అందుకే ఎస్‌పీఎస్ కొలైడర్‌లో యూఏ1 డిటెక్టర్‌ని మొదటి రోజు నుంచే ఢీకొనే చోటు చుట్టూ అన్ని వైపులా కప్పేలా కట్టారు. ఎల్‌హెచ్‌సీలోని అట్లాస్, సీఎంఎస్ డిటెక్టర్లు కూడా ఆ వరసలోవే.

తీగ_వంతెన | మంగళవారం, ఉదయం 7:58

అందరికీ థ్యాంక్స్. చివరగా ఒక్కటి. స్టోకాస్టిక్ కూలింగ్ కాకుండా ఐఎస్‌ఆర్‌లో పుట్టి, నేరుగా ఇవాళ ఎల్‌హెచ్‌సీలో రోజువారీ వాడేది ఏమైనా ఉందా?

కాంతి_కోణం | మంగళవారం, ఉదయం 8:20

ఉంది. వాన్ డెర్ మీర్ స్కాన్. ఎన్ని తాకిడులు జరిగాయో తెలియాలంటే బీమ్‌లు ఎంత వెడల్పున్నాయో, ఎంతమేర ఒకదానిపై ఒకటి పడుతున్నాయో తెలియాలి. లోపల స్కేలు పెట్టి కొలవలేం. 1968లో, అంటే ఐఎస్‌ఆర్ ఇంకా కడుతుండగానే, ఆయన ఒక చిన్న నోటు రాశాడు: ఒక బీమ్‌ని కొంచెం కొంచెంగా పైకీ కిందికీ జరుపుతూ ప్రతి చోటా డిటెక్టర్ లెక్క రాసుకోండి, గ్రాఫ్ ఆకారంలోనే వెడల్పు వచ్చేస్తుంది. ఎల్‌హెచ్‌సీలో ఏటా ఇందుకోసం ప్రత్యేకంగా బీమ్ టైమ్ కేటాయిస్తారు. ఆ రోజు మామూలు డేటా తీయరు, కంట్రోల్ రూమ్‌లో బీమ్‌ని మైక్రాన్ల లెక్కన జరుపుతూ కూర్చుంటారు. హిగ్స్ కణం ఎంత రేటున పుడుతోందని చెప్పే ప్రతి అంకె వెనకా ఆ స్కాన్ ఉంటుంది.

నల్లేరు | మంగళవారం, ఉదయం 8:31

ఆ నోటు ఎన్ని పేజీలు?

కాంతి_కోణం | మంగళవారం, ఉదయం 8:33

చాలా చిన్నది నల్లేరు గారూ, టీ తాగేలోపు చదివేయొచ్చు. చదివొచ్చి మళ్లీ పోట్లాడదాం.